గాడిద, కొంగ, మా అరుగు

వినుకొండలో నేను తెలుగు చెప్పే జూనియర్ కాలేజీలో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి పేపరు వాళ్లు విప్పుకుంటారు. నేను ఒకరి పేపరు అడిగి చదవను. అది మా ఇంటి అలవాటు. ఆ సంగతి తెలిసిన లెక్కల లెక్చరర్ సాంబయ్యగారు ఆ రోజు తన పేపరు తానే తెచ్చి నా ముందు పరిచారు.

"రాఘవరావుగారూ, ఇది చూడండి. మీ ఊరి ఆవిడేనంట. బొమ్మలేసి గుంటూరులో పెట్టింది. గాడిదంట, కొంగంట!" అని నవ్వారు.

పేపర్లో అర కాలమ్ వార్త. ఒంగోలు దగ్గర ఏదో బడిలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసే రూతమ్మ అనే ఆమె వేసిన చిత్రాల ప్రదర్శన. చిన్నప్పుడు చూసిన ఒక బొమ్మల పుస్తకం ఈ చిత్రాలన్నిటికీ మూలమట. గాడిదకూ కొంగకూ కుదిరిన స్నేహం గురించిన కథట. ఆ పుస్తకాన్ని ఎక్కడ చూశారని అడిగితే, తల్లి పనికి వెళ్లే ఒక ఇంట్లో చూశానని ఆమె చెప్పిందట.

ఒక ఇంట్లో! నా కళ్లు ఆ మాట దగ్గరే ఆగిపోయాయి. మా మేడిచర్లవారి ఇల్లంటే చుట్టుపక్కల ఊళ్లలో దారి చెప్పడానికి గుర్తు. "మేడిచర్లవారి ఇంటిదాకా పొయ్యి ఎడంచేతి పక్కకు తిరగండి" అనేవాళ్లు. మా చేతుల్లోంచి ఇల్లు జారిపోయి, దాన్ని పడగొట్టి ఆ స్థలంలో కొన్నవాళ్లు పత్తి గోదాములు లేపాక కూడా కొన్నాళ్లు అలాగే అన్నారు. అలాంటిది పేరూ ఊరూ లేకుండా 'ఒక ఇల్లు' అయింది. పేపరు మడిచి సాంబయ్యగారికి ఇచ్చేశాను. మర్నాడు సెలవు పెట్టాను.

ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ ఇంటి నుంచి నా దాకా వచ్చినవి తాతయ్య చేతికర్రా, ఈ పుస్తకమూ, అంతే. నేను మూడో తరగతిలో ఉండగా తాతయ్య గుంటూరు మిర్చి యార్డుకు కాయలు తోలించి, తిరిగి వస్తూ దీన్ని తెచ్చారు. పీటంత వెడల్పు. మందపాటి నున్నటి కాగితం. విప్పితే అగరొత్తుల కొట్టు దగ్గర నిలబడ్డట్టు ఒక కొత్తవాసన వచ్చేది. కథ చిన్నదే. రెక్క విరిగి గుంపు నుంచి విడిపోయిన కొంగ ఒకటి ఒక ముసలి గాడిదకు దొరుకుతుంది. కొండల అవతల పెద్ద చెరువుందనీ, అక్కడికి చేరితే బతుకుతాననీ కొంగ అంటుంది. గాడిద దాన్ని వీపు మీద ఎక్కించుకుని బయల్దేరుతుంది. దారిలో వాన, రాళ్లు, ఒక నక్క. తీరా చెరువు దగ్గరికి వచ్చేసరికి గాడిదకు నీళ్లంటే భయం. అప్పుడు కొంగ ముందు దిగి, ఒక్కో అడుగూ వేస్తూ లోతు చూపిస్తుంది. రెక్క బాగయ్యాక కొంగ ఎగిరిపోయిందో లేదో పుస్తకం చెప్పదు. ఆఖరి బొమ్మలో రెండూ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంటాయి. నీళ్లలో వాటి నీడలు.

పుస్తకం తీస్తే నాకు గాడిద ముందు గుర్తుకు రాదు, మిరపకాయల ఘాటు గుర్తుకొస్తుంది. మాఘమాసం వచ్చేసరికి మా ముంగిలి ఎర్రబడేది. కళ్లంలో ఎండిన కాయల్లో మేలురకం మాత్రం బండ్ల మీద ఇంటికి వచ్చేది. మా కారానికీ, చుట్టాలకు పంపడానికీ, తొడిమ తీసిన కాయే కావాలని పట్టుబట్టే ఒకరిద్దరు వ్యాపారులకూ ఆ కాయ. దాన్ని నాయనమ్మ కళ్లెదుట రాశి పోయాలి, తెల్లబోయిన తాలు కాయలు ఏరి పారెయ్యాలి, తొడిమలు తియ్యాలి. పదిమంది ఆడవాళ్లు ముక్కులకు పైట చెంగులు బిగించుకుని గోతాల మీద వరసగా కూర్చునేవాళ్లు. పొద్దున్నే చేతులకు ఆముదం రాసుకుని మొదలుపెట్టేవాళ్లు. మధ్యాహ్నానికి ఆముదం ఇంకిపోయి వేళ్లు భగ్గుమనేవి. అప్పుడు నాయనమ్మ గంగాళంతో పలచటి మజ్జిగ పెట్టించేది. సగం తాగడానికి, సగం చేతులు ముంచుకోవడానికి. ఇంట్లోకి వస్తే వెనక గదిలో పత్తి. కప్పుదాకా పోసిన పత్తికి ఎండ వాసన ఉంటుంది. ఇప్పుడు ఎవరితోనైనా ఈ మాటంటే నవ్వుతారు. ఎండకు వాసనేమిటండీ అంటారు. గది నిండా పోసిన పత్తిలో చలికాలం మధ్యాహ్నం ముఖం దాచుకున్నవాడికి తెలుస్తుంది.

మా తాతయ్యకు కొన్ని పట్టుదలలుండేవి. ఎవరింటికీ వెళ్లి ఏదీ అడిగేవారు కాదు, ఆఖరికి నిప్పు కూడా. గంజి పెట్టిన పంచె నలగకుండా పడక్కుర్చీలో కూర్చోవడం ఒక విద్య. ఆ విద్య ఆయనతోనే పోయింది. ఎవరైనా వచ్చి మా ఇంటి వస్తువు ఒక పూట వాడుకుని ఇస్తామంటే ఒప్పుకునేవారు కాదు. "ఇస్తే ఇచ్చెయ్యాల. అరువిచ్చి మళ్లీ వాకిట్లో నిలబడి అడగటం మన ఇంట లేదు" అనేవారు. ఆ లెక్కన కావడి, గునపం, గంగాళం, కుట్టుమిషను అన్నీ ఎవరో ఒకరికి ఇచ్చేశారు. ఇవ్వకూడదనుకున్నది మాత్రం గడప దాటేది కాదు. నా బొమ్మల పుస్తకం ఆ రెండో రకం. "అది మనవడికి కొన్నది" అని ఒక్కమాటలో తేల్చేశారు.

పని చేసేవాళ్ల విషయంలో నాయనమ్మకూ ఒక పంతం ఉండేది. మేం ఏం తింటే వాళ్లకూ అదే పెట్టాలి. గోంగూర పచ్చడి మాకొక రకం, వాళ్లకొక రకం నూరించేది కాదు. నెయ్యి గిన్నె తనే పట్టుకెళ్లి వడ్డించేది. మా వైపు పెద్ద ఇళ్లు చాలా ఉండేవి గానీ ఈ మర్యాద అందరికీ లేదు. ఈ మాట నేనిప్పటికీ తలెత్తుకుని చెబుతాను. వాళ్లు అరుగు మెట్లు మాత్రం ఎక్కేవాళ్లు కాదు. ఎక్కవద్దని ఎవరూ అనగా నేను వినలేదు. అనవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

తొడిమలు తీసేవాళ్లలో మార్తమ్మ ఒకతె. చర్చి పాటలు పాడుతూ పని చేసేది. ఆమె గొంతు ఎత్తితే మిగతా వాళ్ల చేతులు వేగం అందుకునేవి. ఆమె కూతురు రూతు నాకంటే ఒక ఏడాది చిన్న. బడి మధ్యాహ్నం వరకే ఉన్న రోజుల్లో తల్లి దగ్గరికి వచ్చి తనూ నాలుగు కాయలు తుంచేది. తుంచుతూ తుంచుతూ కళ్లు అరుగు మీదికి పెట్టేది. అరుగు అంచున నేను పుస్తకం పరిచి, మా ఊళ్లో నాకంటే బాగా చదివేవాడు లేడన్నట్టు పైకి చదివేవాణ్ణి. మొదట నా గొంతు నేను వినడానికే చదివాను. తర్వాత చూస్తే ఆ పిల్ల అరుగు అంచుకు గడ్డం ఆనించి నిలబడి ఉంది.

"ఏమే రూతూ! కాయకు తొడిమ తియ్యమంటే గాడిదకు కళ్లప్పగించావేందే?" అని మార్తమ్మ అరిచింది.

పక్కనున్నామె అందుకుంది. "గాడిద కాదులేయే, చినబాబుగారు చదువుతుంటే నోరు చూస్తంది. అంత నోరెట్టా తెరుస్తాడా అని!"

అందరూ పకపక నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. లోపల్నుంచి నాయనమ్మ వచ్చింది. "పోనియ్యవే మార్తా, పిల్లముండ. ఇంటే ఏం అరిగిపోద్ది? ఒరేయ్ రాఘవా, గట్టిగా చదువు. ఆ మూలనున్న వాళ్లకు ఇనపడొద్దూ!" అంది.

ఆ తర్వాత మిరపకాయల రోజులు ఉన్నన్నాళ్లూ అది మాకు నిత్యకృత్యమైంది. నేను చదవడం, రూతు చూడడం. ఒక్కో పేజీ తిప్పేముందు నేను ఆమె వైపు చూసేవాణ్ణి. ఆమె తలూపితేనే తిప్పేవాణ్ణి. ఆ తలూపు కోసం ఎంత కాచుక్కూర్చునేవాణ్ణో ఇప్పుడు తలచుకుంటే చిత్రంగా ఉంటుంది. కాలేజీలో ఎనభైమంది ముందు పాఠం చెబుతాను. ఒక్కరూ పుస్తకంలోంచి తలెత్తరు. నా చదువును అంత శ్రద్ధగా విన్నది నా జీవితంలో ఆ పిల్ల ఒక్కతే. నక్క వచ్చే పేజీ దగ్గర ఊపిరి బిగబట్టేది. చెరువు పేజీ రాగానే "ఉండండి, ఉండండి" అనేది. ఎంతసేపు ఉండమంటే అంతసేపు ఉండేవాణ్ణి.

పేజీలన్నీ అయ్యాక ఆమె ముంగిట్లో కూర్చుని వేలితో మట్టి మీద బొమ్మ గీసేది. వేళ్లకు కారం అంటి ఉండడం వల్ల గీత అక్కడక్కడ ఎర్రగా వచ్చేది. గాడిద, గాడిద వీపు మీద కొంగ. విచిత్రం ఏమిటంటే, కింద కూర్చుని తను గీసిన బొమ్మ పైన అరుగు మీదున్న నాకు తిన్నగా కనిపించేది. నాకు కనపడాలని నా వైపు తిప్పి గీస్తోంది, ఈ పిల్లకు ఎంత మర్యాద తెలుసు అనుకునేవాణ్ణి. నాయనమ్మకు కూడా చూపించాను. "మార్త బిడ్డను పద్ధతిగా పెంచింది" అంది నాయనమ్మ. ఒకరోజు నాన్న పొలం నుంచి వస్తూ ఆ బొమ్మను తొక్కబోయి ఆగి, చుట్టూ తిరిగి వెళ్లడం నాకు గుర్తుంది. ఆయన అలా పక్కకు తప్పుకున్నది నేను చూసినంతలో దానికే.

తర్వాత పత్తి మమ్మల్ని దెబ్బ తీసింది. ఒక ఏడు తెల్లదోమ, ఇంకో ఏడు పచ్చపురుగు. ఎంత మందు కొట్టినా పురుగు తినడం మానలేదు. పత్తిగది సగానికి దిగింది, తర్వాత ఖాళీ అయింది. ఆ ఖాళీ గదిలో అడుగు పెడితే పాదాల చప్పుడు వినిపించేది. దానికి ముందు ఆ గదిలో చప్పుడు ఉండేదే కాదు. పొలం ఒక్కో చెక్కా చేయి దాటింది. తాతయ్య చివరిదాకా గంజి పంచెతోనే కూర్చున్నారు. ఆయన పోయాక మాకు మిరప వెయ్యడానికి చేలు మిగల్లేదు, ముంగిట్లో రాశులు పొయ్యలేదు, మార్తమ్మ రాలేదు. రూతు ఎక్కడ చదివిందో, ఏమైందో నేను అడగలేదు. నాకు చెప్పిన వాళ్లూ లేరు. నాన్న ఇల్లు అమ్మిన రోజున అందరం ఒక లారీలో నరసరావుపేట వెళ్లిపోయాం. అరుగు దిగేటప్పుడు నాయనమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. నేనూ చూడలేదు. చూడకపోవడం మర్యాద అనుకున్నాం.

ఇదంతా మోసుకుంటూ, పుస్తకం గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని నేను గుంటూరు బస్సెక్కాను. ఏం అడగాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. పుస్తకాన్ని ప్రదర్శనకు ఇచ్చేస్తాను. అరువు కాదు, మా ఇంటి పద్ధతిలో పూర్తిగా ఇచ్చేస్తాను. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, ఇది ఫలానా మేడిచర్లవారి ఇంటిదని కింద కార్డు రాయాలి. అంతే. ఇంకేమీ వద్దు. ఇల్లు లేదు, పొలం లేదు, పేరైనా ఒక గోడ మీద ఉండాలి.

బ్రాడీపేటలో ఒక మేడ మీద హాలు. మెట్లెక్కి లోపలికి వెళ్లగానే నా ఒళ్లు మండిపోయింది. గోడ పొడుగునా మా గాడిద, మా కొంగ, నిలువెత్తు బొమ్మలు. అన్నీ తలకిందులుగా తగిలించారు. గాడిద కాళ్లు నాలుగూ పైకి, ఆకాశం అడుగున, కొండలు శిఖరాలు కిందికి వేలాడుతూ. వాన కింది నుంచి పైకి కురుస్తోంది. గుమ్మం దగ్గర మెడలో కార్డు వేసుకున్న ఒకాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా, ఇది ఎవరు తగిలించారు?" అన్నాను.

"మేమేనండి."

"కళ్లు పెట్టుకునే తగిలించారా? ఒకటి తిరగబడితే పొరపాటు అనుకోవచ్చు. గోడ మొత్తమా!"

"అవి అంతేనండి. మేడంగారు అట్టాగే పెట్టమన్నారు."

"గాడిద ఆకాశం మీద కాళ్లు పెట్టి నడుస్తుందా? ఈ పుస్తకం మాది. నాకు తెలీదా?"

ఆయన ఏదో అనబోతుండగానే నేను ఒక చిత్రాన్ని మేకు నుంచి తీసేశాను. నా జీవితంలో ఒకరి వస్తువు మీద అడగకుండా చెయ్యి వెయ్యడం అదే మొదలు. తిప్పి పట్టుకున్నాను. అప్పుడు కుదిరింది. కొండ కొండలా, గాడిద గాడిదలా. కానీ తగిలించే తీగ కింది వైపుకు వచ్చింది. మేకుకు ఎలా పెట్టాలో తెలియక, మనిషంత బొమ్మను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని హాలు మధ్యలో నిలబడ్డాను. జనం చూస్తున్నారు.

"అది మీ వైపు నుంచి, చినబాబుగారూ" అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "నా వైపు నుంచి ఇట్టా ఉండేది."

తిరిగి చూశాను. మంగళగిరి చీర కట్టుకున్న నలభయ్యేళ్ల మనిషి. చెంపల దగ్గర నెరిసింది. వేళ్ల సందుల్లో రంగు. నన్ను ఎలా గుర్తుపట్టిందో అడగలేదు. పుస్తకం మాదని అరిచినవాణ్ణి ఇంకెవరనుకుంటుంది! రూతు నా చేతుల్లోంచి బొమ్మ తీసుకుని, తిప్పి, మేకుకు తగిలించింది. గాడిద మళ్లీ కాళ్లు పైకి పెట్టింది.

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అరుగు మీద నేను, కింద ఆమె, మధ్యలో నా వైపు తిరిగి ఉన్న పుస్తకం. మట్టిలో ఆమె గీసినది నా కోసం తిప్పి గీసింది కాదు. ఆమెకు కనిపించినదే గీసింది. గాడిద అలాగే నడుస్తుందనుకుని కాదు, ఆ పుస్తకం తనకు అలాగే కనపడేది గనక. ఆ ఏళ్లన్నీ ఆమె ఒక్కసారైనా ఆ బొమ్మలను తిన్నగా చూడలేదు. ఒక్కరోజు అడిగింది కూడా. "ఒక్కసారి ఇటు తిప్పండి చినబాబుగారూ" అంది. తిప్పితే అక్షరాలు నాకు తలకిందులవుతాయి, ఎలా చదవను అన్నాను. అది నిజమే. ఆ పూట చదువు ఆపి తిప్పవచ్చని నాకు తోచలేదు.

చివరి చిత్రం దగ్గరికి ఆమె నన్ను తీసుకెళ్లింది. చెరువు. అందులో నీటి నీడలు తిన్నగా నిలబడి ఉన్నాయి, అసలు గాడిదా అసలు కొంగా కింద తిరగబడి ఉన్నాయి. "ఉండండి, ఉండండి అని అరిచేదాన్ని గుర్తుందా?" అంది. "ఆ ఒక్క పేజీలోనే నాకు కాస్త తిన్నగా కనపడేయి. అవి నీడలని నాకు పెద్దయ్యేదాకా తెలీదు."

ఆమెను ఎలా పిలవాలో నాకు తెలియలేదు. చివరకు "అమ్మ బాగున్నారా?" అని అడిగాను.

"అమ్మ పోయి మూడేళ్లయిందండి. నాయనమ్మగారు?"

"ఎప్పుడో పోయింది."

నేను సంచిలోంచి గుడ్డ విప్పి పుస్తకం బయటికి తీశాను. "ఇది మీకు. అరువు కాదు. ఇచ్చేస్తున్నాను" అన్నాను. మా తాతయ్య అన్నట్టే అన్నానని నాకే తెలిసింది. ఆమె అట్ట మీద అరచెయ్యి వేసింది. తెరవలేదు. ఎంతసేపటికీ తెరవలేదు.

"వొద్దండీ" అంది. "దీన్ని తిన్నగా చూశానంటే నా బొమ్మలు పోతాయి. ఇంకా ఎయ్యాల్సినయ్ ఉన్నాయి."

మా ఇంటివాళ్లు ఇచ్చిన దాన్ని ఒకరు వద్దనడం నేను వినలేదు. కోపం రావాలి. కానీ వచ్చింది కోపం కాదు. ఆ ముంగిలి, ఆ ఎండ, అరుగు అంచున గడ్డం ఆనించిన ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా కావాలనిపించింది. ఇప్పుడు ఈ పుస్తకాన్ని ఆమె వైపు తిప్పి పెట్టడానికి ఆ ఒక్క మధ్యాహ్నం ఎవరైనా తిరిగి ఇస్తే బాగుండుననిపించింది. పుస్తకాన్ని గుడ్డలో చుట్టేశాను. వచ్చిన పని మాత్రం వదలబుద్ధి కాలేదు.

"పేపరులో 'ఒక ఇల్లు' అని రాశారు" అన్నాను. "ఎవరి ఇల్లో మీరు చెప్పలేదు."

"చెప్పలేదండీ."

"మరిచిపోయారా?"

"మేడిచర్లవారి ఇల్లు మర్చిపోతానా!" అని నవ్వింది. "కావాలనే చెప్పలేదు. ఈ బొమ్మలు చూసినోళ్లంతా ఒకటే అడుగుతారు, ఎందుకిట్టా తలకిందులుగా వేశావని. అడిగితే చెప్పాల. చెబితే మీ అరుగు సంగతి చెప్పాల. ఇంటి పేరూ చెప్పి అదీ చెబితే ఏం బాగుంటది? మీ నాయనమ్మగారి చేతి గోంగూర తిన్నాను. అందుకని పేరు ఒదిలేశాను."

నేను రెండు గంటలు బస్సులో అవమానం అనుకుంటూ మోసుకొచ్చింది, ఆమె మా ఇంటికి చేసిన మర్యాద. మా పరువును మేం ఇన్నేళ్లు గంజి పంచెల్లోనూ నెయ్యి గిన్నెల్లోనూ కాపాడుకున్నామనుకున్నాం. ఎక్కడో ఒంగోలు దగ్గర పిల్లలకు బొమ్మలు నేర్పుకుంటూ ఈమె కాపాడుతోంది. ఇలా ఒకరి దయ మీద దాగి ఉన్న పేరు మా తాతయ్యకు నచ్చేది కాదు. ఆయన ఒకరి దగ్గర నిప్పు కూడా పుచ్చుకోలేదు.

గుమ్మం దగ్గర బల్ల మీద ఖాళీ కార్డులున్నాయి, చిత్రాల పేర్లు రాయడానికి తెచ్చినవి. ఒకటి తీసుకున్నాను. కుర్చీలో ఉన్నాయన పెన్ను ఇచ్చాడు. నా దస్తూరీ బాగుంటుంది. నిదానంగా రాశాను: "ఈ చిత్రాలకు మూలమైన పుస్తకం మేడిచర్లవారి ఇంటిది. ఆ ఇంటి అరుగు ఎక్కనివ్వకుండా, ఈ చిత్రకారిణిని కింద నిలబెట్టి చూపించాం. అందుకే ఆమెకు బొమ్మలు ఇలా కనిపించాయి." కింద నా సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాను.

రూతు కార్డును దూరంగా పట్టుకుని చదివింది. చదివి, పెదవి విరిచింది.

"తప్పు రాశారండీ."

"ఏం తప్పు?"

"కింద కాదు. గడ్డం ఆనించి కింద నిలబడింది ఒక్క మొదటి ఏడే. రెండో ఏడు మీ నాయనమ్మగారు చూసి, 'మెడ పట్టేస్తదే పిల్లా, మూడో మెట్టు దాకా రా, ఆ పైకొద్దు' అన్నారు. ఆ తర్వాతంతా మూడో మెట్టు మీదే. మా అమ్మ ఆ మాట చచ్చేదాకా చెప్పుకుంది. మీరు రాస్తే సరిగ్గా రాయండి. నాయనమ్మగారు ఇచ్చిన మెట్లు తీసెయ్యబాకండి."

నాకు ఆ మెట్ల సంగతి గుర్తే లేదు. ఎంత వెతికినా నా జ్ఞాపకంలో ఆమె కిందే నిలబడి ఉంది. కార్డు తిరిగి తీసుకుని 'కింద' అన్న మాట కొట్టేసి 'మూడో మెట్టు మీద' అని రాశాను. ఆమె ఒకసారి చదివి, తలూపింది. చెరువు బొమ్మ పక్కన తనే అంటించింది.

నేను గుమ్మం దాకా వెళ్లి ఆగాను. అది చదివేవాళ్లకు మా ఇంటి మెట్లు ఎన్నో తెలియదు. వెనక్కి వెళ్లి, గోడ మీద ఉన్న కార్డు మీదే, సంతకం కింద మిగిలిన చోట ఇంకో వాక్యం రాశాను.

మెట్లు మొత్తం అయిదు.